1962లో మనోళ్ల చేతిలో ఉన్న .303 నిజంగా అంత పనికిమాలిన తుపాకా?

చిత్రావతి_శీను
ఈ మధ్య 1962 యుద్ధం మీద ఏ వీడియో తెరిచినా, ఏ వ్యాసం చదివినా ఒకే పాట. చైనావాళ్ల దగ్గర ఆటోమేటిక్ ఆయుధాలు, మనోళ్ల దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నాటి త్రీనాట్ త్రీ, అంటే .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్, అందుకే ఓడిపోయినాం అంటారు. వింటే నాకు మండుతుంది. అదే రైఫిల్ పట్టుకుని 1944లో కొహిమా, ఇంఫాల్ దగ్గర మనోళ్లు జపాన్ సైన్యాన్ని వెనక్కి తరిమినారు గదా. పద్దెనిమిదేళ్లలో అదే తుపాకి చెత్త ఎట్లయింది? చైనావాళ్ల ఎస్‌కేఎస్, జర్మన్ల మౌజర్, అమెరికావాళ్ల గరాండ్, వీటన్నిటి పక్కన నిలబెడితే .303 ఎత్తు ఎంత? తెలిసినోళ్లు చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దు సామీ, చూసి చూసి విసుగొచ్చింది.

మౌజర్_మామ
బోల్ట్ యాక్షన్ (ఒక్కో గుండుకూ చేత్తో బోల్టు లాగి తోసే రైఫిల్) అంటే మౌజర్. మిగతావన్నీ ఆ తర్వాతే. చర్చ అయిపోయింది, తాళం వేసేయండి.

గోదావరి_బుల్లోడు
ఐదు రౌండ్లకే ఖాళీ అయిపోతుంది కదా మామా మీ మౌజరు. మా .303 మ్యాగజైన్లో పది పడతాయి. తాళం తర్వాత వేద్దాం, ముందు లెక్క తేలనీ.

బెల్_ఆఫ్_ఆర్మ్స్
పోలీస్ ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, సర్వీసంతా .303ల మధ్యే గడిపాను. ఇప్పుడు రిటైరయ్యాను. చేతికి తెలిసిన సంగతులు చెబుతా.

ఈ రైఫిల్ అసలు గొప్పతనం బోల్టులో ఉంది. మౌజర్ బోల్టు పిడిని 90 డిగ్రీలు పైకి లేపాలి, స్ప్రింగు బిగువు కూడా ఆ లేపడంలోనే చేతి మీద పడుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌కు 60 డిగ్రీలు చాలు. స్ప్రింగు బిగిసేది బోల్టును ముందుకు తోసేటప్పుడు, అంటే చెయ్యి ఎలాగూ బలంగా ముందుకు పోయేటప్పుడు. బోల్టు వెనక్కి వచ్చే దూరం కూడా తక్కువ. బొటనవేలు, చూపుడువేలుతో పిడి వదలకుండా పట్టుకుని నడిమి వేలితో ట్రిగ్గర్ నొక్కే పాత ఉస్తాదులను చూశాను. చెంప బట్ మీద నుంచి లేవదు, కన్ను సైటు వదలదు. మౌజర్‌తో ఇలా చేయాలంటే బోల్టు మొహం మీదికి వస్తుంది.

రెండోది మురికి తట్టుకోవడం. లాకింగ్ లగ్గులు, అంటే బోల్టును బిగించి పట్టే పళ్లు, వెనక ఉంటాయి, గుడ్డ అందుతుంది. తూటా కూర్చునే చాంబర్ కాస్త వదులుగా చేశారు కాబట్టి దుమ్ము పడినా, తూటాకు మట్టి అంటినా బోల్టు మూసుకుంటుంది. ఆ వదులు వల్లే పేలిన తూటా గొట్టం సాగుతుంది, మళ్లీ నింపి వాడుకునేవాళ్లకు అది నచ్చదు. యుద్ధంలో ఖాళీ గొట్టాలు ఏరుకునేది ఎవరు?

బోల్టు మీద నంబరు, బాడీ మీద నంబరు కలవాలి. కొత్త కుర్రాళ్లు నాలుగు రైఫిళ్లు విప్పి, తుడిచి, బోల్టులు తారుమారు చేసి బిగించేవాళ్లు. ఆ రోజు కోత్‌లో (ఆయుధాల గదిలో) అందరికీ చీవాట్లే.

నల్లమల_రాజు
బెల్ ఆఫ్ ఆర్మ్స్ గారూ, పాత తూటాలు కాల్చాక బ్యారెల్లో మరిగే నీళ్లు పోసేవాళ్లట, నిజమేనా?

బెల్_ఆఫ్_ఆర్మ్స్
నిజమే. పాత తూటాల అడుగున ఉండే క్యాప్‌లోని మందు కాలాక ఉప్పు మిగిలేది. నూనె గుడ్డతో ఆ ఉప్పు పోదు, తేమ పట్టి బ్యారెల్ లోపల తుప్పు తింటుంది. అందుకే ముందు వేడి నీళ్లు, ఆరాక పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి లాగడం, ఆ తర్వాతే నూనె. వర్షాకాలంలో ఒక్క రాత్రి బద్ధకించినా మర్నాటికి ఎర్రగా కనబడేది.

చరిత్ర_పిచ్చోడు
ఈ రైఫిల్ ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే మౌజర్ మామకు సంతోషం కలుగుతుంది. దీని వెనక మౌజరే ఉంది మరి.

1899లో మొదలైన బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికా రైతుల చేతిలో 7 ఎంఎం మౌజర్లు ఉన్నాయి. ఐదు తూటాల క్లిప్పు పైనుంచి ఒక్క నొక్కు నొక్కితే మ్యాగజైన్ నిండేది. బ్రిటిష్ సోల్జర్ అప్పటి లీ-మెట్‌ఫర్డ్, తొలి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో ఒక్కో తూటా వేలితో దోపుకోవాల్సి వచ్చేది. దూరంలోనూ వేగంలోనూ దెబ్బ తిన్నారు. ఆ పాఠంతోనే క్లిప్పుతో నింపే ఏర్పాటు తెచ్చారు. ఇంకో మార్పు కూడా చేశారు. అప్పటిదాకా కాల్బలానికి పొడుగు రైఫిల్, గుర్రపు దళానికి పొట్టి కార్బైన్ అని వేర్వేరుగా ఉండేవి. రెండింటికీ మధ్యస్థంగా 25 అంగుళాల బ్యారెల్‌తో ఒకే పొట్టి రైఫిల్ చేసి అందరికీ ఇచ్చారు. 1907లో వచ్చిన మార్క్ 3 అదే. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైంది దాని వంశమే.

1914 నాటి బ్రిటిష్ రెగ్యులర్ సిపాయి నిమిషంలో 15 గుళ్లు 300 గజాల దూరంలో గురికి తగిలించాలి. అది పరీక్ష. ఆ ఆగస్టులో బెల్జియంలోని మాన్స్ దగ్గర జర్మన్ దళాలు ఎంత దెబ్బ తిన్నాయంటే, ఎదురుగా ఉన్నవి మెషిన్ గన్లని వాళ్లు అనుకున్నారన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఇండియన్ కోర్ ఫ్రాన్స్‌లో దిగినప్పుడు వాళ్ల దగ్గర పాత రకం రైఫిళ్లుంటే, అక్కడే తీసుకుని కొత్త మార్క్ 3లు ఇచ్చారు. చేతికి అలవాటు లేని తుపాకీతో నేరుగా ట్రెంచిలోకి పోయారు మనవాళ్లు. వాళ్ల గురించి ఎవరూ వీడియో చేయరు.

కరీంనగర్_కిరణ్
అంతా మంచిగనే ఉందన్నా, గని 1914 ముచ్చట 1962కి ఎట్ల సాలుతది? నిమిషానికి 15 కొట్టెటోడు ఏండ్ల తరబడి ప్రాక్టీస్ జేసినోడు. ఎస్‌కేఎస్ పట్టుకున్నోడు నెల దినాల ట్రైనింగ్‌ల గంతకంటె ఎక్కువనే కొడ్తడు. ట్రిగ్గర్ నొక్కుడు తప్ప వేరే పని లేదాయె. యుద్ధంల లక్షలమందిని తయారు జెయ్యాలంటె ఏది మంచిది? నా లెక్కల రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన్నాడే బోల్ట్ యాక్షన్ కథ ఒడిసింది.

గోదావరి_బుల్లోడు
కిరణ్ తమ్ముడూ, కథ అయిపోయిందంటే బ్రిటిష్‌వాళ్లు కొరియా యుద్ధంలో కూడా నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డే ఎందుకు మోసినట్టు?

కరీంనగర్_కిరణ్
పైసల్ లేక. యుద్ధంల దివాలా దీసిన దేశం.

చరిత్ర_పిచ్చోడు
డబ్బు ఒక కారణం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (బోల్టు దానంతట అదే కదిలేది, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గుండు) కావాలని వాళ్లు 1945కు ముందే అనుకున్నారు. ఏ తూటాకు చేయాలో తేలక ఏళ్లు గడిచాయి, చివరికి బెల్జియంవాళ్ల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎఫ్ఏఎల్‌ను ఎస్ఎల్ఆర్ పేరుతో తీసుకున్నారు. కిరణ్ చెప్పిన శిక్షణ మాటతో నేనూ ఏకీభవిస్తా.

తూటా_లెక్క
ఎవరూ తూటాల దగ్గరికి రావడం లేదు. రైఫిల్ అంటే తూటాను తోసే గొట్టం, అసలు కథ తూటాలో ఉంటుంది.

.303 మార్క్ 7 గుండు 11.3 గ్రాములు, వేగం సెకనుకు 744 మీటర్లు. గుండు, ఇత్తడి గొట్టం, మందు కలిపి ఒక్కో తూటా దాదాపు 25 గ్రాములు. ఎస్‌కేఎస్ వాడే 7.62×39 గుండు 8 గ్రాములు, వేగం 735 మీటర్లు, పూర్తి తూటా 16 గ్రాముల పైచిలుకు. మజిల్ (తుపాకి మూతి) దగ్గర శక్తి చూస్తే .303ది 3,000 జౌళ్లు దాటుతుంది, రెండోదానిది 2,000 చిల్లర. అంటే 600 మీటర్ల దూరంలో .303దే పైచేయి, అందులో అనుమానం లేదు.

మోత సంగతి చూడండి. వంద .303 తూటాలు రెండున్నర కిలోలు. అదే బరువుకు చైనా సిపాయి నూట యాభై మోస్తాడు. రైఫిళ్లు రెండూ దాదాపు ఒకే బరువు, నాలుగు కిలోలకు అటూ ఇటూ. ఇంకా, మనిషి మనిషిని చూసి కాల్చేది ఎక్కువగా 300 మీటర్ల లోపే అని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తేల్చుకుని పొట్టి తూటాతో ఎస్‌టీజీ 44 చేశారు. రష్యన్లూ అదే దారిలో ఎస్‌కేఎస్, ఆ తర్వాత ఏకే చేశారు. ఆ రెండిటినీ చైనా 1956లో టైప్ 56 పేరుతో తీసుకుంది. మనం 1962లో వెయ్యి గజాల కోసం చేసిన తూటాతో ఉన్నాం.

చిత్రావతి_శీను
అంటే తూటా_లెక్క గారూ, రైఫిల్ వల్లే ఓడినాం అంటారా మీరు?

తూటా_లెక్క
అనలేదు. దగ్గరి పోరులో వాళ్లకు పైచేయి ఉంది అన్నాను.

కళింగ_జవాన్
ఇన్‌ఫాంట్రీలో చేసి వచ్చాను. 1962కు నేను పుట్టలేదు గానీ అరుణాచల్ సరిహద్దు దగ్గరి నామ్‌కా చూ ఏరు పోరు గురించి మా యూనిట్‌లో క్లాసులే జరిగేవి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

1962 అక్టోబర్ 20 తెల్లవారుజామున నామ్‌కా చూ దగ్గర ఉన్నది 7 బ్రిగేడ్, కమాండర్ బ్రిగేడియర్ దళ్వీ. ఏరు అడుగున, లోయలో మనవాళ్లు. పైన తగ్ లా గట్టు మీద చైనావాళ్లు. చేతిలో .303 కాకుండా ఏది ఉన్నా ఆ చోటు చచ్చే చోటే. మనిషికి యాభై రౌండ్ల లెక్కన ఉన్నాయి. ఒంటి మీద కాటన్ బట్టలు. మంచు కోట్లు అందరికీ లేవు. రోడ్డు లేదు, సరుకంతా త్సాంగ్‌ధర్ అనే చోట విమానాల నుంచి జారవిడిచేవారు. అందులో చాలా మూటలు చేతికందని లోయల్లో పడిపోయేవి. ఫిరంగులు పేరుకు మాత్రమే. బంకర్ల మీద కప్పడానికి చెట్లు నరకాలంటే సరైన పనిముట్లు లేవు.

ఇప్పుడు చెప్పండి. యాభై రౌండ్లున్నవాడికి సెమీ ఆటోమేటిక్ ఇస్తే ఏమవుతుంది? ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. ఆ ఓటమి చోటు ఎంచినవాళ్లది, సరఫరా చూసుకోనివాళ్లది. పై నుంచి వచ్చిన ఆజ్ఞలది. తుపాకి మీద తోసేయడం చాలా తేలిక, ఎందుకంటే అది నోరు తెరిచి జవాబు చెప్పదు.

నల్లమల_రాజు
+1. దీన్ని పైన పిన్ చేయండి మోడరేటర్ గారూ.

కరీంనగర్_కిరణ్
జవానన్నా, నీ మాట కాదంటలేను. గని ఒక్కటి అడుగుత. పదివేల అడుగుల మీద, ఊపిరి అందదు, వేళ్లు కొయ్యబారినయ్, మందం గ్లౌజులు కొందరికే ఉన్నయ్. గప్పుడు ఒక్కో గుండుకు బోల్టు లేపు, గుంజు, తొయ్యి, దించు. నాలుగు పనులు. అవతలోడు ట్రిగ్గర్ నొక్కుడే. గుంపులు గుంపులుగా మీదికొస్తున్నప్పుడు గా తేడా తేడానే గదా? రైఫిల్ మొత్తం కారణం కాదు, సరే. గని ఇజ్జత్ కోసం అసలు కారణమే కాదంటె ఎట్ల?

కళింగ_జవాన్
కారణం కాదని నేను అనలేదు తమ్ముడూ. వరసలో అది ఐదోదో ఆరోదో. వీడియోల్లో మొదటిది చేశారు, నా బాధ అదీ.

మాధవరం_మనవడు
మా తాత రెండో యుద్ధంలో బర్మా ఫ్రంట్‌లో చేశాడు. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం, తెలిసే ఉంటుంది, ఇంటికొకరు సైన్యంలో ఉండేవాళ్లు. జపాన్ వాళ్ల అరిసాకా బోల్టు మీద రేకు మూత ఉండేదట, బోల్టు లాగినప్పుడల్లా గలగలమనేది. రాత్రిపూట అడవిలో ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్లమని చెప్పేవాడు. చాలామంది జపాన్ సిపాయిలు ఆ మూత తీసి పారేశారని కూడా అనేవాడు. తన .303 గురించి ఎప్పుడూ ఫిర్యాదు చెప్పలేదు. ఫిర్యాదంతా జలగల మీదే.

చిత్రావతి_శీను
మనవడు గారూ, ఇట్లాంటివి ఇంకా ఉంటే రాయండి. తాత జ్ఞాపకాలు ఎవరైనా రాసి పెట్టినారా?

మాధవరం_మనవడు
రాసిపెట్టలేదండి. మా అమ్మకు తెలిసినవి అడిగి వేరే దారంలో పెడతాను.

మౌజర్_మామ
ఇక నేను సీరియస్‌గా రాస్తా. ఇందాకటిది గిల్లడానికి అన్నా.

మౌజర్ 98 లగ్గులు ముందు, చాంబర్ పక్కనే ఉంటాయి. పేలుడు బలం అక్కడే ఆగుతుంది, బోల్టు వంగదు, గురి నిలకడగా ఉంటుంది. పెద్ద కొక్కెం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ తూటాను మ్యాగజైన్ నుంచి లేస్తుండగానే పట్టుకుంటుంది, బయటికి విసిరేదాకా వదలదు. ఇప్పటికీ పెద్ద జంతువుల వేట రైఫిళ్లలో ఎన్నో ఈ డిజైన్ మీదే వస్తున్నాయి. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. క్లిప్పులో తూటాలు సరిగ్గా పేర్చకపోతే పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకుంటుంది, ఇక బోల్టు కదలదు. 7.92 మౌజర్ తూటాకు ఆ గొడవే లేదు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ గారు ఆ సంగతి దాటేశారు.

ఇక ఐదు రౌండ్లే అన్నవాళ్లకు. రెండో యుద్ధంలో జర్మన్ సెక్షన్‌కు, అంటే చిన్న దళానికి, గుండెకాయ ఎంజీ 34 మెషిన్ గన్, ఆ తర్వాత ఎంజీ 42. రైఫిల్ పట్టుకున్నవాళ్లు దానికి తూటాలు మోయడానికి, కాపలా కాయడానికి. మౌజర్ కార్ 98కె 1935 నుంచి 1945 దాకా చివరి రోజు వరకూ ముఖ్య రైఫిల్‌గా నడిచిందంటే కారణం అదే. రైఫిల్‌ను ఒంటరిగా తూచకండి, పక్కన ఏ మెషిన్ గన్ ఉందో చూడండి.

బెల్_ఆఫ్_ఆర్మ్స్
మౌజర్ మామ చెప్పిన అంచు చిక్కు వాస్తవం. తూటాలను ఒకటి పైకి ఒకటి కిందికి అని పేర్చిన క్లిప్పు వస్తే ఆ చిక్కు రాదు, చేత్తో ఒక్కొక్కటి నింపినప్పుడు చూసుకోవాలి. మన లైట్ మెషిన్ గన్ బ్రెన్ మ్యాగజైన్లో కూడా 30 పట్టినా 28 నింపేవాళ్లు, చిక్కుకోకుండా ఉండాలని. మీ చివరి మాట కూడా నాకు నచ్చింది. మన సెక్షన్‌లో బ్రెన్, రైఫిల్ రెండిటికీ ఒకటే తూటా. అది పెద్ద సౌకర్యం.

టెక్సాస్_తెలుగోడు
ఇక్కడ రేంజ్‌లో స్నేహితుడి ఎం1 గరాండ్ చాలాసార్లు కాల్చాను, .303 నంబర్ 4 కూడా. నా ఓటు గరాండ్‌కు.

1936లో అమెరికా సైన్యం తీసుకుంది. ఎనిమిది తూటాల క్లిప్పును పైనుంచి నొక్కితే బోల్టు దానంతట అదే ముందుకు దూకుతుంది. బొటనవేలు సమయానికి తీయకపోతే నలిగిపోతుంది, ఇక్కడ దానికి గరాండ్ థంబ్ అని పేరే ఉంది. ఎనిమిది అయిపోగానే ఖాళీ క్లిప్పు టింగుమని ఎగిరి పడుతుంది. ఆ చప్పుడు విని శత్రువు మీదికి వచ్చేవాడని కథలు చెబుతారు. యుద్ధభూమి మోతలో ఎవడికి వినబడుతుంది? పక్కన ఇంకో పదిమంది కాలుస్తూ ఉంటారు కదా. లోపం ఏమిటంటే సగం అయ్యాక మధ్యలో నింపడం చిక్కు. బరువు 4.3 కిలోలు, రోజంతా మోయాలంటే భుజం పోతుంది.

అయినా .30-06 లాంటి పెద్ద తూటాను సెమీ ఆటోమేటిక్‌లో, కన్ను సైటు మీంచి తీయకుండా వరసగా ఎనిమిది కొట్టడం, అది 1940లలో వేరే ఏ సైన్యానికీ సిపాయి సిపాయికీ లేదు. జనరల్ పాటన్ దీన్ని యుద్ధానికి తయారైన పరికరాలన్నిటిలో గొప్పదన్నాడు.

చరిత్ర_పిచ్చోడు
మనకు సంబంధించిన ముక్క ఒకటి. 1965లో పాకిస్తాన్ కాల్బలంలో చాలామంది దగ్గర అమెరికా సాయం కింద వచ్చిన గరాండ్లున్నాయి. మనవైపు అప్పుడప్పుడే ఎస్ఎల్ఆర్ వస్తోంది, కొన్ని దళాలు ఇంకా .303తోనే ఉన్నాయి. ఎదుటివాడి రైఫిల్ మెరుగు, అయినా పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో వాళ్లు ఎలా ఓడారో అందరికీ తెలుసు. శీను వాదనకు ఇది బాగా పనికొస్తుంది.

కరీంనగర్_కిరణ్
అసల్ ఉత్తర్ ట్యాంకుల యుద్ధం గదన్నా. చెరుకు తోటలు, నీళ్లు నింపిన పొలాలు, రీకాయిల్‌లెస్ గన్లు. రైఫిల్ ముచ్చటకు గది సాక్ష్యం ఎట్లయితది?

చరిత్ర_పిచ్చోడు
రైఫిల్ ఒక్కటే యుద్ధం తేల్చదు అనడానికి సాక్ష్యం.

ఎన్‌సీసీ_లక్ష్మి
కాలేజీలో ఎన్‌సీసీలో .303తో డ్రిల్లు చేశాం. నా ఎత్తు ఐదడుగులు. శస్త్ర్ అని భుజానికెత్తితే బట్ నడుముకు తగిలేది. క్యాంపులో ఒకసారి కాల్చనిచ్చారు. బట్‌ను భుజం గుంటలో గట్టిగా అదుముకోమని ఉస్తాద్ ముందే హెచ్చరించారు, అదుముకున్నా రెండు రోజులు చెయ్యి పైకి లేవలేదు. ఇక్కడ అందరూ పొడుగాటి మగవాళ్ల భుజం లెక్కన మాట్లాడుతున్నారు. చిన్న ఒళ్లున్నవాళ్లకు ఏది నప్పుతుంది? కార్బైన్లంటే అందుకేనా?

బెల్_ఆఫ్_ఆర్మ్స్
అమ్మా, ఆ రైఫిల్‌కు బట్లు నాలుగు కొలతల్లో వచ్చేవి, మరీ పొట్టివాళ్లకు ప్రత్యేకంగా కురచ బట్ ఉండేది. బట్ ఒక్క బోల్టుతో బిగుస్తుంది, మార్చడం కాసేపటి పని. మీ క్యాంపులో ఎవరూ పట్టించుకోలేదు, అంతే. నీ భుజం తప్పు కాదు.

టెక్సాస్_తెలుగోడు
లక్ష్మి గారికి సరిపోయేది అమెరికా ఎం1 కార్బైన్. 2.4 కిలోలు, 15 తూటాల మ్యాగజైన్, తన్ను చాలా తక్కువ. ముందు వరసలో రైఫిల్ మోయాల్సిన అవసరం లేనివాళ్లకని, అంటే డ్రైవర్లు, ఫిరంగి దళం, వైర్‌లెస్ వాళ్లకని చేశారు. పిస్టల్ కంటే మెరుగైనది ఇవ్వాలన్నది ఉద్దేశం. 60 లక్షలకు పైగా తయారయ్యాయి, గరాండ్ల కంటే ఎక్కువ.

తూటా_లెక్క
కొరియాలో దీన్ని తిట్టిపోశారు. 1950 చలికాలంలో చోసిన్ రిజర్వాయర్ దగ్గర చైనావాళ్ల దూది కోట్లలోంచి గుండు దూరలేదని సిపాయిలు ప్రమాణం చేసి చెప్పారు. గుండు 7 గ్రాములు, వేగం 600 మీటర్లు, శక్తి .303లో సగం కూడా లేదు. అయినా దూది కోటు ఆ గుండును ఆపదు. తర్వాత గుడ్డలు మడతలు పెట్టి కాల్చి చూసినవాళ్లందరికీ అవతలికి దూసుకుపోయింది. గడ్డ కట్టే చలిలో వణికే చేతులతో, రాత్రిపూట, వంద మీటర్లు దాటి కాల్చినవాటిలో చాలా భాగం తగలనే లేదు. దానికి తోడు ఆ చలిలో నూనె గట్టిపడి యంత్రం మొరాయించింది. ఆ రెండూ కలిసి తూటాకు చెడ్డపేరు వచ్చింది.

కళింగ_జవాన్
చలికి నూనె మాట చాలా ముఖ్యం. ఎత్తు మీద పోస్టింగ్‌లో మేం నూనె దాదాపు తుడిచేసి పొడిగా ఉంచేవాళ్లం. సెమీ ఆటోమేటిక్‌లో గ్యాస్ పిస్టన్ ఉంటుంది, నూనె చిక్కబడితే సగం దూరం వచ్చి ఆగుతుంది. బోల్ట్ యాక్షన్‌కు మనిషి చెయ్యే ఇంజన్. ఇందాక కిరణ్ గ్లౌజుల సంగతి చెప్పాడు, అది నిజమే. దానికి ఇది రెండో వైపు.

గోదావరి_బుల్లోడు
జంగిల్ కార్బైన్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో.

బెల్_ఆఫ్_ఆర్మ్స్
ముచ్చటే. నంబర్ 4ను అక్కడా ఇక్కడా గీకి, బ్యారెల్ 19 అంగుళాల లోపుకు కోసి, మూతికి గంట ఆకారం బిగించారు. 1944లో వచ్చింది, బర్మా అడవుల కోసమని. మూడు కిలోల పైచిలుకు. అదే పెద్ద తూటా, తేలిక తుపాకి, కాబట్టి తన్ను భయంకరం. బట్ చివర రబ్బరు ముక్క పెట్టారు గానీ అది చిన్నది, కాలం గడిస్తే గట్టిపడి ఇంకా నొప్పి పెట్టేది. గురి కూడా నిలవడం లేదని, ఇవాళ సరిచేస్తే రేపు పక్కకు పోతోందని ఫిర్యాదులు వచ్చాయి. 1947లో తయారీ ఆపేశారు. మలయా అడవుల్లో మాత్రం గూర్ఖాలు, బ్రిటిష్‌వాళ్లు ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు వాడారు. లక్ష్మమ్మా, కార్బైన్ అన్నారు కదా అని దాన్ని మాత్రం ఎత్తకు.

ఎన్‌సీసీ_లక్ష్మి
ఎత్తను సార్, చదువుతుంటేనే భుజం నొప్పి పుట్టింది 😀

మోడరేటర్_శ్రీ
ఇద్దరు సభ్యులు పాత .303 ఎక్కడ కొనుక్కోవచ్చని అడిగారు, ఆ రెండు పోస్టులూ తీసేశాను. ఆయుధ చట్టం ప్రకారం .303, 7.62 లాంటివి నిషిద్ధ బోరు, సామాన్యులకు లైసెన్సు రాదు. ఈ దారం చరిత్ర వరకే.

అడవితల్లి
నాది విశాఖ మన్యం. తూటాల సరఫరా గురించి జవాన్ గారు రాసింది చదివితే మా అల్లూరి గుర్తొచ్చాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు, తూటాలు తీసుకెళ్లాడు. సెప్టెంబర్‌లో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆఫీసర్లను పడగొట్టింది ఆ ఆయుధాలతోనే. ఇరుకు దారి, పైన కొండ, ఎవడు వస్తున్నాడో ముందే తెలుసు. సర్కారు వైపు తుపాకులకు తక్కువ లేదు, చోటే వాళ్లకు కలిసిరాలేదు. ఆ తర్వాత తూటాలు అంత తేలిగ్గా దొరకకుండా సర్కారు స్టేషన్లన్నీ జాగ్రత్త చేసింది, అక్కడి నుంచి కష్టమైంది. నామ్‌కా చూలో మనవాళ్లు లోయలో ఉన్నారని చదివి ప్రాణం ఉసూరుమంది.

చిత్రావతి_శీను
అడవితల్లి గారూ, ఈ కోణం నాకు తట్టనేలేదు. చాలా బాగుంది.

ఇంకొకటి అడుగుతా అందరినీ. లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ. 1962 నవంబర్ 18, 13 కుమావ్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్. వాళ్ల దగ్గర ఉన్నవీ .303లే గదా? మరి అక్కడ అంతసేపు ఎట్లా ఆపగలిగినారు?

కళింగ_జవాన్
అక్కడ మనవాళ్లు గట్టు మీద ఉన్నారు, తవ్వుకుని కూర్చున్నారు, కింది నుంచి ఎక్కి వచ్చేవాళ్లను చూసి కాల్చారు. ముందు వచ్చిన దాడులను రైఫిళ్లు, ఎల్ఎంజీలు (లైట్ మెషిన్ గన్లు), మోర్టార్లతోనే విరగ్గొట్టారు. దూరంగా గురి చూసి కొట్టే చోట .303 తన పని తాను చేసింది. మన ఫిరంగులకు మధ్యలో కొండ అడ్డం, ఒక్క గుండు సాయం లేదు. చివరికి చుట్టుముట్టారు, తూటాలు అయిపోయాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మనుషులు పైకి వెళ్లేసరికి చాలామంది ట్రెంచిల్లోనే, ఆయుధాలు చేతిలో పట్టుకునే గడ్డకట్టి ఉన్నారు. నూట ఇరవై మంది కంపెనీలో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ఒకే రైఫిల్, ఒకే యుద్ధం, నెల తేడా. లోయలో ఒకలా, గట్టు మీద ఇంకోలా. నేను ఇంతకంటే వివరంగా చెప్పలేను శీనూ.

కరీంనగర్_కిరణ్
జవానన్నా, ఒప్పుకుంట, గట్టు మీద .303 పనిచేసింది. గని అదే గట్టు మీద వాళ్ల చేతుల ఎస్ఎల్ఆర్ ఉంటె, దండిగ తూటాలుంటె? 1963 సంది ప్రభుత్వం ఎస్ఎల్ఆర్ చెయ్యుడు షురూ జేసిందంటె ఆర్మీ సుత తక్కువుందనే అనుకున్నట్టు గద. 2008ల బొంబాయి సీఎస్‌టీ స్టేషన్ల ఏకేల ముంగట మన పోలీసులు .303లు పట్టుకొని నిలవడ్డరు. గా దృశ్యం నేను మరువ. పాత తుపాకి గొప్పదనుకుంట కూసుంటె గిట్లనే అయితది.

బెల్_ఆఫ్_ఆర్మ్స్
కిరణ్, ఆ రోజు గురించి తలుచుకుంటే నాకూ కడుపు రగులుతుంది. జనం మధ్య, ప్లాట్‌ఫారం మీద, .303తో ఒక్క గుండు కాల్చాలన్నా వెనక ఎవడున్నాడో చూసుకోవాలి. ఆ తూటా ఒకరిని దాటి ఇంకొకరికి తగులుతుంది. ఊళ్లో కాపలాకు అది ఎప్పుడూ సరైన తుపాకి కాదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పారు. ఇరవై ఏళ్ల ముందే చెప్పాల్సింది. ఈ రైఫిల్‌ను ప్రేమించేవాణ్ని, అయినా ఈ మాట అంటున్నా.

కళింగ_జవాన్
కిరణ్ అడిగిన ఎస్ఎల్ఆర్ ప్రశ్నకు. 1971లో ఎస్ఎల్ఆర్ అద్భుతంగా పనిచేసింది. అదే ఎస్ఎల్ఆర్ 1987 నుంచి శ్రీలంకలో బరువైపోయింది, అవతల ఎల్టీటీఈ చేతిలో ఏకే రకం తుపాకులు, ఇళ్ల మధ్య, తాటి తోపుల్లో దగ్గరి పోరు. అందుకని చిన్న తూటా వైపు వెళ్లాం, 5.56 ఇన్సాస్ వచ్చింది. 1999లో కార్గిల్ చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. ఇప్పుడు మళ్లీ పెద్ద తూటా, 7.62×51లో సిగ్ 716. దాంతో పాటు అమేథీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203. దాని తూటా 7.62×39, తూటా_లెక్క గారు పైన లెక్క కట్టిందే. 1962లో మన మీద పేలినది.

తూటా_లెక్క
అవును, అదే కొలత. అరవై ఏళ్ల తర్వాత కూడా 300 మీటర్ల లోపు పోరుకు సైన్యం దాన్నే ఎంచుకుందంటే 1962లో చైనావాళ్ల ఎంపికలో తప్పు లేదని అర్థం.

మౌజర్_మామ
ఒక ఆట ఆడదాం. నామ్‌కా చూ కాదు, అక్కడ ఏదిచ్చినా ఒకటే అని తేలింది. రెజాంగ్ లాలో మీ చేతికి ఒక్కటి ఎంచుకోమంటే? తూటాలు మనిషికి రెండొందలు. నేను గరాండ్. (అవును, మౌజర్ అనలేదు. గుంపు మీదికి వస్తుంటే ఐదు చాలవు.)

గోదావరి_బుల్లోడు
మామ నోట గరాండ్! స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.
నాది నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్.

కరీంనగర్_కిరణ్
ఎస్ఎల్ఆర్. 20 రౌండ్ల మ్యాగజైన్.

తూటా_లెక్క
పగలు దూరం నుంచి వస్తే ఎస్ఎల్ఆర్, తెల్లారక ముందు దగ్గరికి వస్తే ఎస్‌కేఎస్. రెజాంగ్ లాలో తెల్లారక ముందే వచ్చారు కాబట్టి ఎస్‌కేఎస్.

ఎన్‌సీసీ_లక్ష్మి
కురచ బట్ బిగించిన .303. బెల్ ఆఫ్ ఆర్మ్స్ గారే బిగించాలి.

కళింగ_జవాన్
నాకు బ్రెన్ ఇవ్వండి, పక్కన నింపిన మ్యాగజైన్లు అందించడానికి ఒక మనిషి. రైఫిల్ ఏదైనా పరవాలేదు.

నల్లమల_రాజు
ఒక చిన్న ప్రశ్న. మా జిల్లా పోలీస్ పరేడ్‌లో చూసినవి .303లా, 2ఏ1లా? రెండూ ఒకేలా కనబడతాయి, ఎలా గుర్తుపట్టాలి?

బెల్_ఆఫ్_ఆర్మ్స్
మ్యాగజైన్ చూడు. .303ది కింద ఏటవాలుగా ఉంటుంది, పది రౌండ్లు. 2ఏ1ది చదరంగా పెట్టెలా ఉంటుంది, పన్నెండు. 1962 తర్వాత ఇషాపూర్‌లో అదే పాత మార్క్ 3 నమూనాను గట్టి ఉక్కుతో 7.62×51 తూటాకు చేశారు. మొదట వచ్చిన 2ఏకు వెనక సైటు మీద 2000 దాకా అంకెలున్నాయి, 2ఏ1కు 800తో ఆపేశారు. పరేడ్‌లో దగ్గరికి వెళ్లలేవు కాబట్టి మ్యాగజైన్ అడుగే గుర్తు. ఫొటో ఉంటే ఇక్కడ పెట్టు, చూసి చెబుతా.

నల్లమల_రాజు
ఆగస్టు పదిహేను పరేడ్ ఫొటోలు ఉన్నాయి, రాత్రికి పెడతాను సార్.